గజ్జెలు అటక మీద, గాజు బల్ల మీద

ప్రశ్న: నమస్తే అక్కా. మాది హనుమకొండ. నాకు 38 ఏళ్లు. ఏడో ఏట కూచిపూడి మొదలుపెట్టాను. పదిహేనేళ్లు మా మేడ మీద పిల్లలకు నేర్పాను. రెండేళ్ల కిందట తరంగం (ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడే అంశం) ప్రాక్టీసు చేస్తూ పళ్లెం అంచు మీంచి దిగుతుంటే కుడి మోకాలు మెలిపడింది. మెనిస్కస్ (మోకాలి కీలులో మెత్తలా ఉండే భాగం) చిరిగిందని ఆపరేషన్ చేశారు. లోపల మృదులాస్థి కూడా బాగా అరిగిపోయింది, ఇక గెంతులు, అరమండి (మోకాళ్లు వంచి సగం కూర్చునే భంగిమ), కాలి గట్టి తట్లు వద్దన్నారు డాక్టర్. క్లాసు మూసేశాను. గజ్జెలు పాత పట్టుచీర ముక్కలో చుట్టి అటక మీద పెట్టాను.

పోయినేడాది మా చెల్లెలు బలవంతంగా నన్ను హైదరాబాద్‌లో ఐదు రోజుల స్టెయిన్డ్ గ్లాస్ వర్క్‌షాప్‌కు తీసుకెళ్లింది. రంగు గాజు కోసి, ముక్కల అంచులకు రాగి టేపు చుట్టి, టంకం వేసి బొమ్మ చేయడం. అప్పటి నుంచి రాత్రి అందరూ పడుకున్నాక డైనింగ్ టేబుల్ దగ్గర, అలవాటు కొద్దీ వట్టికాళ్లతోనే నిలబడి, అదే పని. చేస్తున్నంతసేపు మోకాలు గుర్తుకు రాదు. పని ఆపి లైటు ఆర్పగానే ఏదో ద్రోహం చేసినట్టు ఉంటుంది. ఇప్పటికి తొమ్మిది పలకలు చేశాను. అన్నీ నర్తకులే. ఒక్కదానిలోనూ ప్రాణం లేదు, కొయ్యబొమ్మల్లా నిలబడ్డాయి. ఇంట్లో గాజు పగలడం అరిష్టమని అత్తమ్మ గొణుగుతుంది. తెలిసినవాళ్లేమో సుధా చంద్రన్ కాలు పోయినా ఆడింది, నీకేమైంది అంటారు. నా దగ్గర నేర్చుకున్న అమ్మాయి ఒకతి నా గజ్జెలు అడుగుతోంది. ఇచ్చెయ్యనా? ఈ గాజు పని నిజంగా నా దారేనా, మోకాలిని మరిచిపోవడానికి పట్టుకున్న కాలక్షేపమా? మా పాపకు తొమ్మిదేళ్లు. అది కూడా అడుగుతోంది, అమ్మా నువ్వు ఇక డాన్స్ టీచర్‌వి కావా అని.

— ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం:

చెల్లెమ్మా, మీరు అడగని దానితో మొదలుపెడుతున్నాను. వట్టికాళ్లతో గాజు కోస్తానని రాసిన చోట నాకు గుండె ఝల్లుమంది. ముప్పై ఏళ్లుగా మీ పాదానికి నేల మీద నమ్మకం. గాజు బల్ల చుట్టూ ఉన్న నేలను మాత్రం నమ్మకండి. కోసిన అంచు నుంచి ఎగిరిన రవ్వ కంటికి కనబడదు, గుచ్చుకున్నాకే తెలుస్తుంది. ముందు, వేళ్లు మూసుకుని ఉండే మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోండి. మోకాలికీ అవి మంచివే. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. గంటల కొద్దీ నిలబడకుండా ఒక ఎత్తు స్టూలు చూసుకోండి.

డైనింగ్ టేబుల్ ఈ రోజే వదిలెయ్యండి. మామూలుగా దొరికే టంకం తీగలో 60 వంతులు తగరం, 40 వంతులు సీసం ఉంటాయి. సీసం ఎవరికైనా చేటే, ఎదిగే పిల్లలకు మరీ చేటు. పాప అన్నం తినే బల్ల మీద అది ఉండకూడదు. వెనక వరండాలోనో, కిటికీ ఉన్న గదిలోనో ఒక పాత బల్ల వేసుకోండి. పొగ బయటికి పోయేలా ఫ్యాను పెట్టండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసం లేని టంకం కూడా ఉంది, దానికి వేడి కాస్త ఎక్కువ కావాలి, అంతే. గాజు పొడిని చీపురుతో ఊడిస్తే గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడిగుడ్డతో తుడవండి.

బల్ల మారిస్తే అత్తమ్మ గొణుగుడు సగం తగ్గుతుందని నా నమ్మకం. ఆమె మాటను తోసెయ్యకండి. దీపం ఆరిపోయింది అనకుండా కొండెక్కింది అనే ఇళ్లు మనవి. గాజు పగిలింది అనడానికి కూడా నోరు రాదు, చిట్లింది అంటాం. చేతికి తొడిగేదీ గాజే, మీరు కోసేదీ గాజే, పెద్దావిడకు ఆ చప్పుడు కలుక్కుమనడం సహజం. పైగా పిల్ల తిరిగే ఇంట్లో గాజు పెంకులంటే భయం ఉండాల్సిందే. ఒక పగటిపూట ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఒక ముక్క కోసి చూపించండి. గాజు పగలడం వేరు, మీరు గీసిన గీత వెంట విరగడం వేరు. కళ్లతో చూస్తే ఆ తేడా ఆమెకే తెలుస్తుంది.

ఇక సుధా చంద్రన్ సంగతి. 1981లో బస్సు ప్రమాదం తర్వాత ఆమె కాలు తీసేయాల్సి వచ్చింది. జైపూర్ కృత్రిమ కాలు పెట్టుకుని మళ్లీ వేదిక ఎక్కింది. ఆ పట్టుదలకు నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆమెకు తీసింది మోకాలి కింది భాగం. మీకు అరిగింది మోకాలే. అరమండిలో కూర్చున్నప్పుడు, తట్టు కొట్టినప్పుడు బరువంతా వచ్చి పడే కీలు అది. అరిగిన మృదులాస్థి చర్మం మానినట్టు మానదు, పట్టుదలతో తట్టేకొద్దీ ఇంకా అరుగుతుంది. ఒకరి గాయానికి సరిపోయిన ధైర్యం ఇంకొకరి గాయానికి సరిపోవాలని లేదు. ఈసారి ఎవరైనా అంటే, డాక్టర్ వద్దన్నారు అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి. మీరెవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఆ తొమ్మిది పలకల దగ్గరికి వస్తాను. మీ ప్రశ్నకు జవాబు వాటిలోనే ఉందనిపిస్తోంది.

ప్రాణం లేదన్నారు. ఎందుకు లేదో ఊహించగలను. మీరు నర్తకి ఫోటో లాంటి బొమ్మ గీసుకుని, దాన్ని ముక్కలుగా కోస్తున్నారు. గాజుకు ఆ పద్ధతి నచ్చదు. కాగితం మీద గీత ఎక్కడైనా ఆగొచ్చు. గాజులో గీత మధ్యలో ఆగడానికి లేదు, మొదలుపెట్టిన అంచు నుంచి ఇంకో అంచు దాకా పోయి తీరాలి. లోపలికి బాగా వంగిన గీత గీస్తే గాజు దాన్ని వదిలేసి తనకు దగ్గర దారి చూసుకుని విరుగుతుంది. వేళ్లు విడివిడిగా విచ్చుకునే అలపద్మ హస్తం గాజులో కోసి చూడండి, వేళ్ల సందులు రావు. వచ్చినా రాగి టేపు, టంకం చుట్టేసరికి మొద్దుబారతాయి. కళ్ల కదలిక అసలే రాదు. అంటే అభినయానికి ఆయువుపట్టైన కళ్లు, వేళ్లు రెంటినీ ఈ గాజు పట్టుకోలేదు. మిగిలింది చీర, నడుము, కాలు. బొమ్మ కొయ్యబొమ్మ కాక ఏమవుతుంది?

ఇంకో కారణం కూడా ఉంది, కొంచెం బాధపెట్టే మాట. ఆ తొమ్మిదీ మీరు నాట్యానికి కట్టిన తొమ్మిది సమాధులు. పోయినదాన్ని నిలబెట్టాలని చేశారు, అందుకే అన్నీ నిలబడే ఉన్నాయి.

సింహనందిని గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. నర్తకి తాళానికి అడుగులు వేస్తూ పోతే, కింద పరిచిన రంగుపొడి మీద సింహం బొమ్మ తేలుతుంది. ఆడుతున్నంతసేపు ఆమె సింహాన్ని తలుచుకుంటూ కూర్చుంటుందా? తాళం తప్పకుండా అడుగు వేస్తుంది. అడుగు సరిగ్గా పడితే సింహం దానంతట అదే వస్తుంది. మన సంప్రదాయంలోనే కాలితో బొమ్మ గీసిన విద్య ఉంది. అందులో నాట్యం ఉన్నది గీసే తీరులో, గీసింది మాత్రం సింహాన్ని. మీరు తిరగేసి చేస్తున్నారు. నాట్యాన్ని గీస్తున్నారు, గీసే తీరులోకి నాట్యాన్ని రానివ్వడం లేదు.

కాబట్టి కొన్నాళ్లు నర్తకి బొమ్మ చేయకండి. ఆర్నెల్లు అనుకోండి.

దాని బదులు ఒక పని చెబుతాను. 35 సెంటీమీటర్ల పొడుగు పలక ఒకటి, రెండు వరుసల్లో. అన్నీ నిలువు పట్టీలే, ఒక్క వంపు కూడా వద్దు. ఒక అక్షరానికి, అంటే తాళంలో ఒక లెక్కకు, ఒక సెంటీమీటరు వెడల్పు. పై వరుస మిశ్రం (ఏడు అక్షరాల లెక్క): తకిట, తకధిమి. అంటే మూడు సెంటీమీటర్ల పట్టీ, పక్కన నాలుగు సెంటీమీటర్లది. అలా ఐదు ఆవర్తనాలు (చుట్లు). కింది వరుస ఖండం (ఐదు అక్షరాల లెక్క): తక, తకిట. రెండు, మూడు. అలా ఏడు ఆవర్తనాలు. రెండూ లెక్క 35కి వస్తాయి. ఆవర్తనం మొదలయ్యే ప్రతి పట్టీ ముదురు ఎరుపు గాజుతో, మిగతావి ఏదైనా లేత రంగుతో. రాగి టేపు మందం కోసం ప్రతి ముక్కకూ ఒక మిల్లీమీటరు లోపు తగ్గించి కోయండి, లేకపోతే చివరికి పలక పెరిగిపోతుంది. పూర్తయ్యాక కిటికీకి ఆనించి చూడండి. ఎడమ చివర రెండు ఎరుపులూ కలిసి బయల్దేరతాయి, ఆ తర్వాత వాటి మొదళ్లు ఒకదాన్నొకటి తప్పించుకుంటూ పోతాయి. మళ్లీ రెండు ఆవర్తనాలూ కలిసేది కుడి చివర, తీర్మానం (ముగింపు జతి) పడే చోటే. అక్కడికి చేరేసరికి మీ కుడి చెయ్యి తొడ మీద తాళం వేయకపోతే నన్ను అడగండి.

ఈ పనికి మొదట ఖరీదైన రంగు గాజు వద్దు. అద్దాల షాపులో కిటికీలకు కోయగా మిగిలిన ముక్కలు అడిగితే ఇస్తారు. వాటి మీద చెయ్యి కుదిరాక రంగు గాజుకు వెళ్లండి. వర్క్‌షాప్‌లో ఐదు రోజుల్లో బొమ్మ చేయించేశారు గానీ అడుగులు నేర్పించి ఉండరు. మీకు రంగప్రవేశానికి ముందు ఎన్నేళ్ల అడుగులు పడ్డాయి? గాజుకూ అంతే. రోజుకు ఇరవై సూటి గీతలు. గాజు కోసే కట్టర్ చక్రం గాజు మీద సరైన ఒత్తిడితో పోతుంటే పట్టుగుడ్డ చింపినట్టు సన్నని ఒకే శ్రుతి చప్పుడు వస్తుంది. ఒత్తిడి తగ్గితే చప్పుడు తెగుతుంది, ఎక్కువైతే గరగరలాడి గీత పక్కన పొట్టు లేస్తుంది. గీత మీద రెండోసారి పోకూడదు. పోతే చక్రం మొద్దుబారుతుంది, గాజు ఎటంటే అటు విరుగుతుంది. గీత అయ్యాక రెండు బొటనవేళ్లూ గీతకు అటూ ఇటూ ఆనించి, పిడికిళ్లు బయటికి తిప్పితే టక్‌మని రెండవుతుంది. ఆ చప్పుడు విని చెప్పేయొచ్చు, అంచు శుభ్రంగా వచ్చిందో లేదో. కొత్తగా నేర్చుకునేవాళ్లు కళ్లతో చూసి నేర్చుకుంటారు. మీకు చెవి ఉంది. మడమ తట్టు నేల మీద సరిగ్గా పడిందో లేదో మేడ మీద ఆ మూల నిలబడి విని చెప్పిన చెవి అది. మోకాలు పోయింది గానీ చెవి ఎక్కడికీ పోలేదు.

మన తెలంగాణలోనే రెండు చోట్లున్నాయి, వెళ్లి రండి.

ఒకటి రామప్ప. ఎన్నోసార్లు చూసే ఉంటారు. ఈసారి నర్తకిగా కాకుండా పనివాడి కళ్లతో చూడండి. 1213 నాటి గుడి. ద్వారాల పక్కన పైకప్పును మోస్తున్నట్టు ఏటవాలుగా ఉన్న ఆ నల్లరాతి మదనికల (స్త్రీమూర్తుల) దగ్గర నిలబడి, ఒక్క బొమ్మలో బరువు ఏ కాలి మీద ఉందో చూడండి. నడుము ఎటు విరిగింది, దానికి ఎదురుగా భుజం ఎటు వెళ్లింది. శిల్పి అలంకారం ఎంత చెక్కినా బొమ్మకు ప్రాణం వచ్చింది ఆ బరువు లెక్కలోనే. అన్నట్టు, కాకతీయుల నాటి పేరిణి నాట్యం మన కాలానికి చేరింది కూడా రాయి మీదుగానే. శతాబ్దాల పాటు ఆడేవాళ్లు లేక ఆగిపోయిన నాట్యాన్ని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు రామప్ప శిల్పాలు చూసి, 13వ శతాబ్దంలో గణపతిదేవుడి గజసేనాని జాయప రాసిన నాట్యశాస్త్ర గ్రంథం నృత్తరత్నావళి చదివి, మళ్లీ లేపి నిలబెట్టారు. ఒకప్పుడు కాలి నుంచి రాతిలోకి పోయిన ఆట, ఇన్ని వందల ఏళ్లకు రాతి నుంచి కాలికి వచ్చింది. నాట్యం వదిలి ఇంకో వస్తువు పట్టుకోవడం ద్రోహమైతే, ఆ శిల్పులు చేసిందేమిటి? ఈ మాట మీకు రాస్తుంటే నాకే ఒళ్లు పులకరిస్తోంది.

రెండోది మెదక్ చర్చి. 1924లో ప్రార్థనలకు తెరిచిన ఆ గుడిలో మూడు పెద్ద రంగుగాజు కిటికీలున్నాయి. క్రీస్తు పుట్టుక, శిలువ, ఆరోహణం. పగలు, ఎండ బాగా ఉన్నప్పుడే వెళ్లండి. బయటి నుంచి చూస్తే నల్లటి అద్దాల్లా ఏమీ తెలియదు. లోపల అడుగుపెట్టి తలెత్తితే రంగులు మీద పడతాయి. పొద్దు గుంకితే బొమ్మ మాయం. మీరు రాత్రి పూట లైటు కింద చేసి, రాత్రే చూసుకుని, ప్రాణం లేదనుకుంటున్నారు. ఈ కళ వెలుతురు వెనక నుంచి వస్తేనే బతుకుతుంది. ఆ తొమ్మిది పలకల్నీ ఒకసారి ఉదయం ఎండకు ఎదురుగా పెట్టి చూసి, అప్పుడు తీర్పు చెప్పండి. అందులో రెండైనా మిమ్మల్ని ఆశ్చర్యపరచొచ్చు.

కాలక్షేపమా, దారా అని అడిగారు. మా నాన్న సంగతి చెబుతాను. ఆయన వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. యాభై దాటాక కుడి భుజం పట్టేసింది, మగ్గం దిగాడు. ఏడాది పాటు ఇంట్లో మాట లేదు. మగ్గాల చప్పుడు వినబడే సందులోంచి నడవకుండా చుట్టు తిరిగి బజారుకు పోయేవాడు. తర్వాత ఒక బంధువు నూలుకు రంగులద్దే చోట సాయానికి పిలిచాడు. మొదట్లో పొద్దుపోవడానికే వెళ్లాడు. రెండు మూడేళ్లకు చుట్టుపక్కల నేతగాళ్లు రంగుల జత కుదరకపోతే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. తడి నూలు చేతిలో పట్టుకుని, ఇది ఆరాక ఆ నీలం పక్కన మాసిపోయినట్టు కనబడుతుంది, ఇంకో ముంపు ముంచండి అనేవాడు. ముప్పై ఏళ్లు పడుగూ పేకా కలిపిన కన్ను కదా. కానీ చెల్లెమ్మా, మగ్గం మీద బెంగ ఆయనకు చివరిదాకా పోలేదు. రంగు పని ఆ బెంగను తీర్చలేదు, తీర్చాలని ఆయన అడగనూ లేదు. ఒక పక్క బెంగ ఉంది, ఒక పక్క పని ఉంది. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి.

మీరు గాజును మరీ పెద్ద కోరిక కోరుతున్నారు. నాట్యం పోయిన చోటును పూడ్చమంటున్నారు. పూడ్చలేకపోతే కాలక్షేపమని, పూడ్చేస్తే ద్రోహమని అంటున్నారు. పాపం, అదేం చేస్తుంది? నాట్యం కోసం ఏడుపొస్తే ఏడవండి. మర్నాడు ఇరవై గీతలు గీయండి. దారో కాదో రెండేళ్ల తర్వాత చూసుకోవచ్చు, ఇప్పుడు తేల్చాల్సిన తొందర లేదు.

గాజు లోకంలోనే ఇలాంటి మనిషి ఒకాయన ఉన్నాడు. అమెరికాకు చెందిన డేల్ చిహులీ, గాజు ఊదే పనిలో ప్రపంచమంతా పేరున్నవాడు. 1976లో కారు ప్రమాదంలో ఎడమ కంటి చూపు పోయింది. 1979లో సముద్రంలో అలల మీద ఆడుతుంటే భుజం తొలిగింది. కొలిమి ముందు బరువైన గొట్టం తిప్పే పని ఇక చేయలేకపోయాడు. ఊదే పని ఇతరులకు అప్పగించి, తాను పక్కన నిలబడి గీసి చూపిస్తూ చేయించాడు. పెద్ద పెద్ద పనులెన్నో ఆ తర్వాతే వచ్చాయి. తాను నర్తకుడి కంటే నృత్య దర్శకుడి లాంటివాడినని ఆయనే చెప్పుకున్నాడు. ఆ పోలిక మీకు మాకంటే బాగా అర్థమవుతుంది.

పాప అడిగినదానికి, ఇప్పుడు క్లాసు లేదు గానీ నేర్పినది ఎక్కడికీ పోదు అని చెప్పండి. దానికి తాళం లెక్కపెట్టడం వస్తే మిశ్రం, ఖండం పట్టీల కొలతలు కాగితం మీద దాని చేతే గీయించండి. గాజు మాత్రం ముట్టుకోనివ్వకండి.

గజ్జెలు ఇప్పుడే ఇవ్వకండి. ఇవ్వకూడదని కాదు. ఇప్పుడిస్తే వదిలించుకున్నట్టు ఉంటుంది, ఆ అమ్మాయికీ అది బరువే. ముందు వాటిని అటక మీంచి దించండి. రెండేళ్లు గుడ్డలో చుట్టి పెట్టిన ఇత్తడి మువ్వలకు చిలుము పట్టి ఉంటుంది. చింతపండు పులుసుతో ఒక్కో మువ్వ తోమి, పొడిగుడ్డతో తుడిచి ఎండకు ఆరనివ్వండి. తోలు పట్టీకి కుట్టినవైతే నీళ్లలో ముంచకండి, తోలు పాడవుతుంది. ఒక సాయంత్రం పడుతుంది. మోగుతాయి, ఏడుపొస్తుంది, రానివ్వండి. తర్వాత కంటికి కనబడే చోట పెట్టుకోండి.

ఆ అమ్మాయికి కొత్త గజ్జెలు మీరే కొనండి. మంచి రోజు చూసి గజ్జెపూజ చేయించి, మీ చేత్తో ఇవ్వండి. ఆ రోజు నట్టువాంగం (నర్తకికి లయ నడిపించే పని) తాళాలు కూడా మీరే పట్టుకోవాలని నా కోరిక. అది కూర్చునే వాయించేది కదా.